ముప్పై మూడు డిగ్రీలు తక్కువ

అక్టోబరు. ఫియోర్డు మీంచి గాలి
చేతి తొడుగుల్లోకి దారి వెతుక్కుంటోంది.
లారీ వెనక తలుపు తెరుచుకుంది.
తారు పట్టిన కంకర జారింది
నల్లగా, బరువుగా, ఎప్పట్లాగే.
పొగ మాత్రం లేదు.

ఓడ్వార్ పార మీద గడ్డం ఆనించి చూశాడు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా రోడ్లు వేస్తున్నవాడు,
పొగ రంగు చూసి వేడి చెప్పేవాడు:
నీలంగా లేస్తే మాడింది, తెల్లగా లేస్తే సరే.
అసలు లేవకపోతే ఏమనాలో
అతనికెవరూ నేర్పలేదు.
"ఇది ఉడకలేదు సున్నీవా," అన్నాడు నాతో,
"సద్దికూడు తెచ్చి పోశారు."

థర్మామీటరు గుచ్చాను. నూట ముప్పై రెండు.
పోయినేడు ఇదే మలుపులో నూట అరవై ఐదు.
తేడా అంతా పిడికెడు నీళ్ళది.
కాగే తారులో చుక్కలు చుక్కలుగా పడి
నురగై పొంగి, ప్రతి రాయినీ నిమిరి
వెళ్ళిపోయే నీళ్ళు.
వెళ్ళిపోతాయని మేం కాగితం మీద రాసుకున్నాం.
వెళ్ళకపోతే?
ఆ ప్రశ్నకే నాకు జీతమిస్తున్నారు.

వైదోతస్ రోలర్ ఎక్కాడు.
లిథువేనియా వాడు, మాట్లాడడు, ఈల వేస్తాడు.
నాలుగోసారి వెనక్కి వస్తూ ఈల ఆపి
కింది నల్లదనాన్ని తలూపి మెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం ఓడ్వార్ వంటింటి గుమ్మంలో నిలబడితే
గుద్వేగ్ వెనక్కి తిరగనేలేదట.
ఇన్నేళ్ళూ అతను ఆవిడ దగ్గరికి
ముందు వాసనగా వచ్చి, ఆ తర్వాతే మనిషిగా వచ్చేవాడు.
"ఎవరది?" అని అడిగిందట.
మర్నాడు మాకు చెబుతూ నవ్వాడు.
నవ్వు చివర ఎప్పుడూ వచ్చే దగ్గు
ఆ రోజూ వచ్చింది.
దాన్ని చల్లార్చే నురగ
మా దగ్గర లేదు.

తర్వాత చలికాలం.
మంచు, మంచు మీద ఉప్పు,
ఉప్పు మీద మేకుల టైర్లతో చేపల లారీలు,
రాత్రి గడ్డకట్టి పగలు కరిగి
మళ్ళీ రాత్రి.

మే నెలలో వెళ్ళి డ్రిల్లు దింపాను.
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదు ఈ వంటకి,
పాత రోడ్డులో తొమ్మిది ముక్కలు, కొత్తదాంట్లో తొమ్మిది.
నీళ్ళలో నానేసి, విరగ్గొట్టి,
తారు వదిలేసిన రాయి తెల్లగా బయటపడిందేమోనని
టార్చి వేసి వెతికాను.
కొత్తవాటిలో రెండింటి అంచున గోరంత తెలుపు.
పాతవాటిలో కూడా రెండు.

రిపోర్టులో రాశాను: తేడా లేదు.
రెండే మాటలు.
రాసి, కాఫీ చల్లారేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాను.

ఒక ముక్క ఓడ్వార్ చేతిలో పెట్టాను.
తిప్పి చూశాడు, గోటితో గీశాడు,
ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపు పీల్చాడు.
"ఏమీ రావట్లేదు," అన్నాడు.
అది ఫిర్యాదో కాదో తెలియలేదు నాకు.

"ఇది నేనుంచుకోనా?
గుద్వేగ్‌కి చూపించాలి."