తోడు

ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాలు.
బొగ్గుపొగలో ఎనిమిదైనా తెల్లారని క్లినిక్.
గొంబోసురెన్ చొక్కా ఎత్తి పొట్ట చూపించాడు
సంతలో గొర్రెను చూపించినట్టు.

నీ నెత్తురు తియ్యగా ఉంది అన్నాను.
"పుట్టి బుద్ధెరిగి ఉప్పు టీ తాగినవాణ్ణి" అని నవ్వాడు.

నర్సును నేను. బొమ్మలు గీసి చెప్పడం నా పని.
కొవ్వంటే మూట కాదు, ఉత్తరాలు రాస్తుంది.
ఒకటి మెదడుకి: చాలు, ఇక చాలు.
ఒకటి కండకి: ఇన్సులిన్ వచ్చింది, తలుపు తియ్యి.
మూట ఉబ్బేకొద్దీ మొదటి ఉత్తరం గుట్టలుగా వచ్చి పడుతుంది,
మెదడు చదవడం మానేస్తుంది.
రెండోది రాయడమే తగ్గిపోతుంది.
గుమ్మం బయట చక్కెర, చలిలో నిలబడి.

చాలాసేపు చూశాడు బొమ్మని.
"మా గొర్రెకి కొవ్వు తోకలో ఉంటుంది.
చలికాలమంతా అది తన తోకనే తింటుంది.
వసంతానికి ఖాళీ సంచిలా వేలాడుతుంది తోక.
నాకు వసంతం రాలేదు, అంతే."

ఆ ఏడు మంచు మీద మంచు గడ్డకట్టి
నాలుగువందల పన్నెండు తలలు
నిలబడ్డవి నిలబడ్డట్టే బిగుసుకుపోయాయి.
ఆ లెక్క ఇప్పటికీ తప్పడు.
తర్వాత పట్నం, లారీ స్టీరింగు, మైదా,
సీసాల్లో నారింజరంగు నీళ్ళు.

పేగుల సంగతికి నాకు బొమ్మ కుదర్లేదు.
కంటికి ఆనని కోట్ల జీవాలు,
పీచు దొరికితే పులియబెట్టి గోడను సాకుతాయి,
దొరక్కపోతే గోడ పూతనే గీక్కుని తింటాయి.
ఆ పగుళ్ళలోంచి దిగిన మంట
కొవ్వు దాకా పాకి, ఉత్తరాల రాత చెడగొడుతుందట.
ఏ జీవి ఏం చేస్తుందో మా డాక్టరుకీ పూర్తిగా తెలీదు.

అతనే అందుకున్నాడు.
"గుడారం తలుపు పక్క గుర్రప్పాల తోలుతిత్తి ఉండేది.
పగవాడొచ్చినా నాలుగుసార్లు చిలికాకే కూర్చోవాలి.
అడుగున తోడు మిగిల్చేది మా అమ్మ, ఏటికేడు.
తోడు లేని పాలు విరుగుతాయే గాని పులవవు.
పట్నం వచ్చేటప్పుడు తిత్తి అక్కడే వదిలేశాం."
పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు.
"దీన్నీ ఎవరూ చిలకడం లేదన్నమాట."

మాత్రలు రాయించాను. బార్లీ తినమన్నాను.
పరీక్షకి మలం తెమ్మని మూత డబ్బా ఇచ్చాను.

మంగళవారం, మైనస్ ముప్ఫై.
కోటు లోపల, గుండెకి ఆనించి పట్టుకొచ్చాడు డబ్బా,
అప్పుడే ఈనిన పిల్లను తెచ్చినట్టు.
"చలికి చచ్చిపోతాయేమోనని" అన్నాడు.

బల్ల మీద పెట్టి, చెయ్యి తియ్యకుండా:
"ఎన్ని మిగిలాయో
లెక్కపెట్టి చెప్పు."