లాభం, రెండు, మూడు

జూలై. తెల్లవారుజామున ఐదూ నలభై.
జీలాంగ్ సముద్రపుటొడ్డు, చీకటి.
అఖాతం మీంచి వచ్చే గాలికి
గడ్డి కూడా పళ్ళు కొరుకుతోంది.
కారు డిక్కీలో రెండు కెటిల్‌బెల్స్, నాలుగు రబ్బరు పట్టీలు,
మడిచిన చాప, ఒక రూళ్ళ పుస్తకం.
ఫోను వెలిగింది:
"సారీ, ఇవాళ రాలేను."
మొన్న కూడా ఇదే మనిషి, ఇదే సారీ.

జిమ్ములో ఉద్యోగం వదిలేసినప్పుడు
మేనేజరు నవ్వుతూనే అన్నాడు,
"మూడు నెలల్లో తిరిగొస్తావు."
అతని లెక్కలో తప్పేం లేదు.
మూడో నెలకి నా దగ్గర ముగ్గురే.
అందులో ఒకాయన మా ఇంటి ఓనరు,
ఫీజు అద్దెలో చెల్లు.
పార్కులో చాప పరవడానికి కౌన్సిల్ పర్మిట్టు,
ఎవరి మోకాలైనా బెణికితే అని ఇన్సూరెన్సు,
ఆ నెల నేను తిన్నవి చాలా వరకు గుడ్లే.

నేలమీంచి నూటపది కిలోలు లేపుతాను.
"గంటకి ఎనభై డాలర్లు" అన్న మాట మాత్రం
గొంతు దాటి లేచేది కాదు.
ఎర్ర లైట్ల దగ్గర అద్దంలో చూసుకుంటూ
ఎనభై, ఎనభై అని సాధన చేశాను.
పక్క కారువాడు చూసి నవ్వాడు కూడా.
తీరా ఎదుట మనిషి నిలబడితే
"మీకు తోచినంత ఇవ్వండి."
మొహమాటం కూడా కండరమే.
చిన్నప్పట్నుంచీ మేపి మేపి పెంచుకున్నాను.

నోరీన్ గారికి డెబ్భై మూడు.
కార్ల ఫ్యాక్టరీలో సీట్లు కుట్టిన వేళ్ళు,
కొత్తగా వేసిన తుంటి.
నేను రేటు దగ్గర నసుగుతుంటే చెయ్యి అడ్డం పెట్టింది,
"అంత చవకైతే, అమ్మాయ్,
నా ఎముకలు నీ చేతిలో పెట్టడానికి భయం."
ఎనభై అన్నాను.
ఆకాశమేం ఊడిపడలేదు. సీగల్ ఒకటి అరిచిందంతే.

"కండలు నాకెందుకు? పడితే లేవాలి,
ఎవర్నీ పిలవకుండా."
ఆవిడ అడిగింది అదొక్కటే.

మా తాత తెనాలి మార్కెట్లో కొలగాడు.
వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి
ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు.
లాభం, రెండు, మూడు.
నా నోటికీ అదే పట్టుబడింది.
చాప మీద వంగిన ప్రతి నడుముకీ
నా లెక్క లాభంతోనే మొదలు.
లారీ నడిపే డ్రాగన్ దాన్ని "లబామ్" అని అరుస్తాడు,
వాళ్ళ క్రొయేషియన్ తిట్టులాగ వినిపిస్తుంది.
తిట్టయినా సరే, తొడలు వణుకుతున్నా దిగుతాడు.
వాళ్ళావిణ్ణి పంపాడు. ఆవిడ చెల్లెల్ని పంపింది.
రూళ్ళ పుస్తకంలో గళ్ళు నిండడం మొదలైంది
పద్నాలుగో నెలలో, చప్పుడు లేకుండా.

నోరీన్ మాత్రం ఎనిమిది నెలలు
ముందు కుర్చీ పట్టుకుని లేచింది,
తర్వాత నా మోచెయ్యి పట్టుకుని,
తర్వాత తన మోకాలి మీద తన చెయ్యే ఆనించి.
ఒక మంగళవారం ఏదీ పట్టుకోలేదు.
లేచి నిలబడి, ప్యాంటుకంటిన గడ్డి దులుపుకుని
చెప్పింది, "ఇంక నెలకోసారి చాలు కదా?"

చాలు అన్నాను.
నోరు చెప్పేసింది; చెయ్యి ఇంకా లెక్కేస్తోంది,
వారానికి రెండు, రెండు ఎనభైలు నూట అరవై,
నెలకి ఎంత పోయిందో.
బాగా పని చేస్తే గడి ఖాళీ అవుతుందని
ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ చెప్పలేదు నాకు.

మంగళవారం ఆరింటి గడి
రబ్బరుతో చెరిపితే కాగితం కాస్త చిరిగింది.
కొత్తగా ఎవరో ఫోను చేసి రేటడిగారు.
"తొంభై" అన్నాను, అద్దం చూడకుండా.
ఆలోచించి చెప్తామన్నారు. చెప్పనీ.

రాత్రి పదింటికి నోరీన్ మెసేజ్:
పిల్లి మంచం కిందికి దూరింది.
నేల మీదికి దిగాను. లేచాను.
ఒక్కసారే.
లాభం.