తప్పు జవాబు

మొయ్‌నాక్ బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.
"పోయిన శతాబ్దంలో అన్నిటికన్నా పెద్ద సంఘటన ఏది?"
ముప్పై ఒక్క మంది యుద్ధమనే రాశారు,
నేను వల్లె వేయించిన వాక్యమే,
బోర్డు మీద నేను చేసిన అచ్చుతప్పుతో సహా.

ఐజమాల్ ఒక్కతే రాసింది:
"మా అవ్వ చేపల ఫ్యాక్టరీ రేవు నుంచి
కాళ్లు తడవకుండా ఇంటికొచ్చిన రోజు."
తేదీ లేదు.
పక్కన ఇసుకలో ఒరిగిన పడవ బొమ్మ.

సున్నా చుట్టబోయి ఆగాను.

దేశం పేరు మారిన రాత్రి నేనెక్కడున్నాను?
కిరసనాయిలు క్యూలో.
రేడియో ఏదో చెబుతూనే ఉంది.
నాకు గుర్తున్నది మాత్రం
ముందు నిలబడ్డ జోల్దస్‌బాయ్ చేతితొడుగు,
చిరుగులోంచి బయటపడ్డ బొటనవేలు,
చలికి అది నేరేడుపండు రంగు తిరగడం.
తర్వాత ఆ వేలు తీసేశారు.
ఏ పుస్తకంలోనూ ఆ వేలు లేదు.

సముద్రం సంగతి మాకు రెండు వాక్యాలు,
అదీ భూగోళంలో.

కిటికీ సందులోంచి ఉప్పు దుమ్ము
పేపర్ల మీద రాలుతోంది,
అందరి జవాబుల మీదా.
ఉఫ్ అని ఊది
ఐదుకి నాలుగు వేశాను.
తేదీ రాయనందుకు ఒకటి కోశాను.
పంతులు బుద్ధి, ఎక్కడికి పోతుంది!