లెఫ్ట్ ఇన్

మిల్లు గేటుకి తాళం పడి పద్నాలుగేళ్లు.
గేటుకి ఎదురుగా నా సెలూన్‌కి మాత్రం
ఆదివారం అంటే ఆదివారమే.
గెడ్డానికి ముగ్గురొస్తే
తగువుకి తొమ్మిదిమంది.

ఈవేళ తగువు:
మన జూట్ మిల్లు హాకీ టీములో
మొదలెట్టిన నాటి నుంచి మూతపడేదాకా
ఆడినోళ్లందర్లోకీ
పదకొండుమంది ఎవులు?

కాయితం లేదు. సబ్బుముక్కతో
అద్దమ్మీదే రాస్తున్నాను.
రాత బాగుంటుందని కాదు,
హాఫ్‌టైముకి నిమ్మచెక్కలు పంచిన గుంటణ్ని,
ఎవడు పీల్చి ఉమ్మేసేవాడో
ఎవడు తొక్కతో సహా మింగేసేవాడో
నాకే తెలుసు కాబట్టి.

గోల్లో బెవర దాలినాయుడు.
దీనికి తగువు లేదు.
గోనెసంచుల్లో పీచు కూరి
ప్యాడ్లు తనే కుట్టుకున్నాడు.
బంతి తగిలితే ధూళి లేచేది,
ధూళి తగ్గాక చూస్తే
బంతి ఆడి కాళ్ల మధ్యనే పడుకునుండేది.

బ్యాకులిద్దరూ రౌతువారే. అన్నదమ్ములు.
ఇంట్లో మాటల్లేవు,
ఫీల్డులో మాటలక్కర్లేదు.

సెంటర్ హాఫ్ బాయిలర్ మస్తాన్.
నైట్ షిఫ్టు దిగి, రెండిడ్లీ తిని,
ఖరగ్‌పూర్ రైల్వేవోళ్లని
చంపావతి ఇసకలో పాతేసినట్టు నిలబెట్టినాడు.
"ఆ రోజు ఫీల్డు తడి, అందుకే" అన్నాడు కుర్చీలో ఉన్నాయన.
ఆయన గెడ్డం సగంలో ఆపేశాను,
మాట వెనక్కి తీసుకునేదాకా.

రైట్ హాఫ్ పోలయ్య.
లెఫ్ట్ హాఫ్ దగ్గర ఆరు టీలు, ఒక అలక,
చివరికి స్పిన్నింగ్ గురువులు.
సెంటర్ ఫార్వర్డ్ డేవిడ్, టైమ్ ఆఫీసు గుమస్తా,
గోలు కొట్టినా రిజిస్టర్లో రాసుకున్నట్టే మొహం.
వింగులూ రైట్ ఇన్నూ గబగబా అయిపోయాయి.

పది.

లెఫ్ట్ ఇన్ అనగానే
అందరికీ గొంతులో గరగర.
ఎవరో తెలుసు. జెర్రిపోతు సన్నిబాబు.
స్టిక్కు ఉందో లేదో తెలిసేది కాదు,
బంతి దానంతటదే ఆయన వెంట నడిచేది.

డెబ్బైరెండు రోజుల సమ్మె.
నలభై మూడోనాడు తెల్లారగట్ట
పోలీసు వ్యాను నీడలో
గేటు దాటిన ఏడుగురిలో ఆయనొకడు.

"ఆట ఆటే కదేటి" అన్నాడు మా గురువులు మనవడు.
ఆ ఆట చూళ్ళేదు వాడు, ఆ సమ్మే చూళ్ళేదు.
"ఆటేరా. పెట్టు.
పెడితే ఆడికి బంతి ఎవులిస్తారు?
ఈ పదిమందిలో ఎవులిస్తారో చూపించు."
కుర్రాడు అద్దం కేసి చూశాడు.
మస్తాన్ సైకిలు అమ్మింది ఆ నెలే.
చిన్నరౌతు పెళ్లాం కమ్మలు తీసింది ఆ నెలే.
కుర్రాడికి ఇవేవీ తెలీవు,
అయినా వేలు ఎత్తలేదు.

మామూలుగా పదకొండున్నరకొస్తాడు,
జనం లేచిపోయాక.
ఈవేళ మేమే లేవలేదు.
తెర తీసి, ఒక్క క్షణం ఆగి,
కుర్చీలో కూర్చున్నాడు సన్నిబాబు.

గుడ్డ కట్టాను.
అద్దంలో పది పేర్లు.
పేరు లేని చోట
ఆయన చెవీ, సగం చెంపా.
కత్తి చప్పుడు తప్ప మరేం లేదు,
నా చెయ్యి వణకలేదని చెప్పను.

చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు.
గడప మీద వెనక్కి తిరక్కుండా
"పోలయ్యని కుడికి పెట్టకండి.
రెండో హాఫులో ఆడి కుడి మోకాలు పట్టీసేది.
ఎవులికీ చెప్పీవోడు కాదు.
నానే ఆ పక్కకి బంతి తొయ్యడం మానీసినాను."

చెప్పుల చప్పుడు రోడ్డు దాటేదాకా ఆగి
బొటనవేలితో పోలయ్యని చెరిపాను.
గురువుల్ని కుడికి, పోలయ్యని ఎడమకి.
ఎవరూ కాదనలేదు.
కాసేపటికి కెప్టెన్ ఎవరని
మళ్లీ మొదలైంది.

సన్నిబాబు నిమ్మచెక్క ఏం చేసేవాడని
ఎవరూ అడగలేదు.
సగం పీల్చి
మిగతా సగం నాకే ఇచ్చేవాడు.
నేనూ చెప్పలేదు.