మూడు మెట్ల తేడా

బారీ నగరంలో గురువారం మధ్యాహ్నం మాకు సెలవు.
ముసలివాళ్ళ మాత్రల డబ్బాలూ అలకలూ
వాళ్ళ కూతుళ్ళకి అప్పగించి
పార్కులో ఈత చెట్ల కింద చేరతాం,
జార్జియా ఆడవాళ్ళం.
ఒకరు వాల్‌నట్ ముద్ద నూరి తెస్తారు,
ఒకరు ఇంటికి పంపాల్సిన డబ్బుల చిట్టా తెస్తారు.
నేను మా ఊరిని తెస్తాను
ఎవరూ అడక్కపోయినా.

మాది చియతూరా.
లోయ అడుగున బొగ్గు కలిపినట్టు ఏరు,
కొండ కొమ్మున ఇళ్ళు,
మధ్యలో ఇనుప తాడు.
ఆ తాడుకి వేలాడే తుప్పు డబ్బాలో
పంతొమ్మిదేళ్ళు తలుపు తీశాను, మూశాను.
"ఇంకొకరు పడతారు, రండి" అన్నాను
గనిలోంచి వచ్చిన మసి మొహాలతో,
పెళ్ళికూతురితో,
ఓసారి, తండ్రి శవపేటికని నిలువునా పట్టుకుని
నా వంక చూడకుండా నుంచున్న కొడుకుతో.

ఇక్కడ సిన్యోరా ఫిలొమేనా వాళ్ళ భవనంలో లిఫ్టుంది.
మీట నొక్కితే చాలు, ఐదో అంతస్తు.
గాలి కొట్టదు, ఊగదు.
నా కాళ్ళే పాత అలవాటుకొద్దీ ఎడంగా నిలబడతాయి.
"ఓడెక్కావా నాజిబ్రోలా?" అని నవ్వుతుందావిడ.

ఊళ్ళోని గొప్ప కట్టడాల మీద నాకు బెంగ లేదు.
వాటికి ఫొటోలున్నాయి, వాటి బతుకు అవి బతుకుతాయి.
టికెట్ల కిటికీ దగ్గర
మోచేతులు ఆనీ ఆనీ గుంటపడ్డ చెక్క ఏమైందో,
మందుల షాపు వెనక గోడ
పొద్దుగూకాక కూడా వీపుకి వెచ్చగా తగులుతోందో లేదో.
సినిమా హాలు పేరులో సగం అక్షరాలు రాలిపోతే
మిగిలినవాటితో మేం ఇంకో పేరు కట్టుకున్నాం.
అది నలుగురిలో చెప్పేది కాదు.

కరెంటు పోయి డబ్బా గాల్లో ఆగిన రోజుల్లో
ఊరికి దిక్కు మెట్లే.
"నూట నలభై రెండు" అన్నాను.

బెంచీ చివర, కొత్తగా వచ్చిన పిల్ల తలెత్తింది.
"నూట ముప్పై తొమ్మిది."
పేరు సియూరి. మా ఊరే.

"రెండు చేతులా నీళ్ళ బకెట్లతో ఎక్కాను, నాకు తెలీదా?"
"నొప్పులు పడుతూ దిగాను,
మెట్టుకో దణ్ణం పెట్టుకుంటూ. నాకు తెలీదా?"

"ఆ మెట్లేమైనా మీ జీతం పెంచుతాయా" అంది ఎవరో.
వాల్‌నట్ ముద్ద మీద ఈగలు వాలాయి.

"ఏ ఏడు కాన్పు నీకు?"
చెప్పింది.

ఏరు పొంగిన మరుసటేడు.
అప్పటికే నేనిక్కడ
సిన్యోరా మొగుడికి గెడ్డం గీస్తున్నాను.
నీళ్ళు తీశాయట, బురద తీయలేదట.
తవ్వే ఓపిక లేక దానిమీదే తారు పోశారట.
తను అత్తారింటికొచ్చేసరికి
రోడ్డు నేరుగా నాలుగో మెట్టుకి తగిలేదట.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.
తర్వాత ఆ పిల్లే అడిగింది, చిన్న గొంతుతో,
"ఆ మూడూ ఎలా ఉండేవి?"

మొదటిదానికి మూల విరిగింది.
రెండోదాని మీద కుక్క పాదం,
సిమెంటు తడిగా ఉన్నప్పుడు తొక్కింది కాబోలు,
మూడు వేళ్ళే పడ్డాయి.
మూడోది...
మూడోదాని మీద ఏమీ లేదు.
పొద్దుతిరుగుడు గింజలు నములుతూ
పని మొదలయ్యేదాకా అక్కడ కూర్చునేదాన్ని, అంతే.

సియూరి వేళ్ళమీద ఏదో కూడుకుంది.
"సరే, నూట నలభై రెండు" అంది,
అప్పు ఒప్పుకున్నట్టు.

ఆ రాత్రి లిఫ్టు తలుపు తెరుచుకునే ఉంది.
నేను ఎక్కలేదు.
గోడ పట్టుకుని నడిచాను.
ఐదో అంతస్తుకి తొంభై ఆరు.

"లిఫ్టు చెడిపోయిందా?" లోపల్నించి సిన్యోరా.
"లేదు."
"మరి ఇంతసేపేం చేస్తున్నావ్?"

తాళంచెవి చేతిలోనే ఉంది.
ఇంకా నలభై ఆరు ఉన్నాయి.