ఒత్తు

వైజాగ్ ఫిషింగ్ హార్బర్ గేటు దాటగానే
ఎండు నెత్తళ్ళ వాసన.
ముక్కు దాకా వెళ్ళిన చెయ్యి ఆగిపోయింది.

మలావీలో, సరస్సు ఒడ్డున ఆర్నెల్లు
ఈ వాసనలోనే నిద్రలేచాను.
రెల్లు తడికె మీద ఉసిపా చేపలు,
కాకుల్ని తోలుతూ ఎనిఫా.
మొక్కజొన్న ముద్ద నా వేళ్ళు కాలిస్తే
ముందు తిట్టి, తర్వాత ఊదేది.

ఆవిణ్ని 'అమాయి' అనమన్నారు,
వాళ్ళ మాటలో అమ్మ అని.
నా నోట్లో మకి ఒత్తు పడి
ప్రతిసారీ 'అమ్మాయి' అయ్యేది.
అర్థం చెప్పిన రోజు
తెడ్డు కుండలోనే వదిలేసి నవ్వింది.
పదేళ్ళప్పుడు అన్నని ఈతలో ఓడించిన సంగతి
ఆ రాత్రే చెప్పింది,
చెప్పి, "ఏదీ, ఇంకోసారి పిలువు" అంది.

"ఏటమ్మాయి, తూకమెయ్యనా?"
తట్ట ముందు పైడితల్లి.
రెండు కిలోలు కొన్నాను.
మా ఇంట్లో ఎవరూ తినరు.