సంజాయిషీ

అయ్యా,
మీ మెమో అందింది.
కాశీబుగ్గలో కరెంటు పోయిన మధ్యాహ్నం
చెమట చేత్తోనే విప్పాను.
ఒకే బొటనవేలు ఒకే నెలలో
నలభై ఒక్క కార్డులకు బియ్యం విడిపించిందని,
ఇది అసహజమని
మీ కంప్యూటరు ఎర్రగీత గీసిందని రాశారు.
ఆ వేలు నాదే.
ఏడు రోజుల్లో కారణం చూపమన్నారు.

కారణం జీడి.

పలాసలో పిక్క ఉడికిస్తారు, కొడతారు, పప్పు తీస్తారు.
గుల్లలోంచి రసం కారుతుంది
నల్లగా, ముదురుపాకంలా.
ఆముదం రాసుకున్నా బూడిద పులుముకున్నా
ముందు తోలు ఊడుతుంది, తర్వాత గీతలు.
మొదట పోయేది బొటనవేలే,
పిక్కను పట్టి ఉంచేది అదే గనక.
గుండు పప్పుకొక ధర, బద్దకొక ధర.
వేలి ధర నేను ఏ చిట్టాలోనూ చూడలేదు.

కొంచాడ దాలమ్మది ఇరవై రెండేళ్ల కొట్టుడు.
మిషను మీద ఎనిమిదిసార్లు వేలు పెట్టింది.
నిమ్మచెక్క రుద్దుకొని పెట్టింది.
కొంగుతో దాని అద్దం తుడిచి,
దండం పెట్టి, మళ్లీ పెట్టింది.
సరిపోలలేదు, అంది మిషను ఆడగొంతుతో.
"ఓలమ్మ! నాను నాను కానేటి?" అని నవ్వింది దాలమ్మ.
వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను.
ఆ నవ్వు కూడా రికార్డులో ఉండాలని రాస్తున్నాను.

మా ఊళ్లో చర్చ జరగలేదనుకోకండి.
బస్టాండు ఎదురుగా కొర్లయ్య టీకొట్టులో
సాయంత్రం ఐదు దాటితే ఇదే గోల.
ఒంటిమీద గీతలు ఒంటివే, సర్కారువి కావు
అంటాడు వకీలు ధనుంజయ పాఢి.
లోపం నూటికి రెండే సార్
అంటాడు మిషన్లు బాగుచేసే కంపెనీ కుర్రాడు.
దొంగకార్డులు పోయాయా లేదా అంటాడొక పార్టీవాడు.
టెండరు ఎవరి బావమరిదిదో చెప్పమంటాడు ఇంకో పార్టీవాడు,
రేపు గెలిస్తే వాడూ ఇదే మిషను కొంటాడు.
గ్లవ్సులిచ్చాం, వేసుకోరు, అంటాడు ఫ్యాక్టరీ షావుకారు.
వేసుకుంటే రోజుకి కిలోన్నర తగ్గుతుందన్న మాట
ఆయన గ్లాసు అడుగున ఉండిపోతుంది.
ఎవరి మాటా పూర్తి అబద్ధం కాదు.
నాకు నిద్రపట్టనివ్వనిది అదే.

నూటికి రెండు నిజమే కావచ్చు.
కాని ఆ రెండూ
రాష్ట్రమంతా విత్తనాలు చల్లినట్టు పడలేదయ్యా,
అన్నీ వచ్చి మా ఒక్క వీధిలో రాలాయి.

వేలు పడనివారికి
వీఆర్వో తన వేలు పెట్టవచ్చునని
మీ సర్క్యులరే చెప్పింది.
ఎన్నిసార్లని చెప్పలేదు.
పెట్టాను.
నా వేలికి గీతలున్నాయి, నేను ఫైళ్లు మాత్రమే పట్టుకున్నాను గనక.

నలభై ఒకటిలో ఒకటి తప్పు.
సవిరిగాన లోకయ్య అప్పటికే చనిపోయాడు.
పెద్దకర్మకి బియ్యం లేవంది వాళ్లావిడ.
కార్డులో పేరు ఇంకా బతికే ఉంది.
ఐదు కిలోలు.
దానికి నా జీతంలో కోసుకోండి.
మిగతా నలభైకి కోయకండి.

సాక్షి సంతకం కావాలన్నారు.
దాలమ్మకి సంతకం రాదు.
సిరాదిండు మీద అద్ది, కాగితం మీద అద్దింది.
గీత లేదు, సుడి లేదు,
నేరేడుపండు నలిగినట్టు ఒక మరక.
పొద్దుట పిక్క కొట్టి వచ్చిన చెయ్యి,
సిరాతోపాటు రసం కూడా దిగింది.
ఈ కాగితం శ్రీకాకుళం చేరేసరికి
అక్కడ చిల్లు పడి ఉండవచ్చు.
పడితే
దాన్నే ఆమె ముద్రగా స్వీకరించ ప్రార్థన.